నంబాలో కంపైలైన ఫంక్షన్‌ను ఎక్కడ ఉంచాలి: మెమరీలోనా, డిస్క్ మీదా, సిగ్నేచర్ (ఆర్గ్యుమెంట్ల రకాల జాబితా) ఇచ్చి ముందేనా? ఏది మేలు?

నంబా అంటే పైథాన్ ఫంక్షన్లను మెషీన్ కోడ్‌గా కంపైల్ చేసే లైబ్రరీ. హైదరాబాద్ వానల లెక్కలు కట్టే పైథాన్ ప్రోగ్రామ్ ఒకటి తీసుకుందాం. వాతావరణ శాఖ 0.25 డిగ్రీల వర్షపాత గ్రిడ్‌లో ఒక్కో రోజుకు 129 అడ్డు వరుసలు, 135 నిలువు వరుసలు ఉంటాయి. గ్రిడ్ 6.5 డిగ్రీల ఉత్తరం, 66.5 డిగ్రీల తూర్పు దగ్గర మొదలవుతుంది. సున్నా నుంచి లెక్కపెడితే నగరానికి దగ్గరి గడి అడ్డు 44, నిలువు 48. ఏడాది డేటా ఫ్లోట్32లో సుమారు 25 ఎంబీ. 2.5 మి.మీ., ఆపైన పడితే వాన రోజు, 64.5 మి.మీ., ఆపైన అయితే భారీ వర్షం. వరుస వాన రోజులను లెక్కించే లూప్‌కు ఎన్‌జిట్ అనే నంబా డెకరేటర్ (ఫంక్షన్ పైన రాసే గుర్తు) తగిలిస్తే వేగం వస్తుంది, సందేహం లేదు. తేల్చుకోవలసింది ఆ కంపైలైన కోడ్ ఎక్కడ ఉండాలన్నదే.

ముందు అది నడిచే తీరు చూడాలి. ఎన్‌జిట్ తగిలించిన ఫంక్షన్ పేరు వెనుక ఒక డిస్పాచర్ ఉంటుంది. పిలిచిన ప్రతిసారీ అది ఆర్గ్యుమెంట్ల రకం చూస్తుంది: ఫ్లోట్32నా, ఫ్లోట్64నా, ఎన్ని డైమెన్షన్లు, మెమరీలో విలువలు పక్కపక్కనే ఉన్నాయా, రాయడానికి వీలుందా. ఆ కలయికకు కోడ్ సిద్ధంగా ఉంటే నేరుగా దాన్ని నడుపుతుంది. లేకపోతే ఎల్‌ఎల్‌విఎమ్ అనే కంపైలర్ సాధనంతో కొత్తది తయారు చేసి పట్టికలో చేర్చుకుంటుంది. అందుకే ఒకే ఫంక్షన్‌కు నాలుగైదు రూపాలు పోగుపడతాయి. గ్రిడ్ డేటా ఉండే జిఆర్‌డి ఫైలు నుంచి చదివిన అర్రే ఫ్లోట్32, పాండాస్‌తో సిఎస్‌వి నుంచి వచ్చింది ఫ్లోట్64. ఏడాది అర్రేలోంచి ఒక్క గడి విలువలను స్లైస్ చేస్తే వాటి మధ్య ఎడం ఉంటుంది కాబట్టి అది వేరే రకం. బైట్స్ మీద నమ్‌పై ఫ్రమ్‌బఫర్‌తో కట్టినది రీడ్-ఓన్లీ, అది ఇంకో రకం. క్యాష్ పెట్టినా మొదటి పిలుపు ఎందుకు నెమ్మదిగా ఉందని అడిగేవాళ్లు ముందు వెతకాల్సింది ఇక్కడే.

మెమరీలో మాత్రమే. ఏమీ చెప్పకపోతే జరిగేది ఇదే. కోడ్ ప్రాసెస్‌తో పుట్టి ప్రాసెస్‌తో పోతుంది. పాత కోడ్ ఫైళ్లలో మిగిలిపోయే భయం లేదు. రోజుల తరబడి నడిచే సర్వర్‌కూ, పొద్దుటి నుంచి తెరిచి ఉంచే జూపిటర్ నోట్‌బుక్‌కూ ఇది చాలు. ఇబ్బంది వర్కర్లతో వస్తుంది. గునికార్న్ వెబ్ సర్వర్‌లో 8 వర్కర్లు (విడివిడి ప్రాసెస్‌లు) ఉంటే అదే ఫంక్షన్‌ను 8 సార్లు కంపైల్ చేస్తారు. ప్రీలోడ్ పెట్టి (వర్కర్ల కంటే ముందే ప్రోగ్రామ్‌ను లోడ్ చేయించి), ఫోర్క్ కాకముందే, అంటే వర్కర్లు విడిపోకముందే, అసలు రకాలతో చిన్న అర్రే ఇచ్చి ఒకసారి పిలిస్తే అందరికీ అదే కోడ్ అందుతుంది. పారలల్=ట్రూ ఉన్న (పనిని పలు థ్రెడ్లకు పంచే) ఫంక్షన్‌ను మాత్రం అలా పిలవకండి: గ్నూ ఓపెన్‌ఎంపీ అనే థ్రెడింగ్ లైబ్రరీ వాడుతుంటే, ఫోర్క్ తర్వాత పుట్టిన ప్రాసెస్ దాన్ని ముట్టుకోగానే ఆగిపోతుంది.

డిస్క్ మీద, క్యాష్=ట్రూ. క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సాధనంలో) గంటగంటకూ లేచి అర నిమిషంలో ముగిసే పనికి దీన్ని మించింది లేదు. సోర్స్ ఫైలు పక్కనే పైక్యాష్ ఫోల్డర్‌లో ఎన్‌బిఐ అనే సూచీ ఫైలు, రకానికొకటి చొప్పున ఎన్‌బిసి ఫైళ్లు పడతాయి. తర్వాతి సారి కంపైల్ చేయడానికి బదులు వాటిని చదివి నడుపుతుంది.

అయితే సోర్స్ మారి ఈ క్యాష్ పాతబడిందో లేదో నంబా తేల్చుకునేది ఆ ఒక్క సోర్స్ ఫైలు మార్పు సమయం, సైజు చూసి మాత్రమే. ఇక్కడ రెండు పెద్ద ప్రమాదాలున్నాయి. మీ ఫంక్షన్ వేరే ఫైల్లోని మరో ఎన్‌జిట్ ఫంక్షన్‌ను పిలుస్తుంటే, ఆ రెండో ఫైలు మార్చినా మొదటిదాని క్యాష్ చెల్లుతూనే ఉంటుంది, పాత కోడ్ నడుస్తుంది. ఇంకోటి గ్లోబల్ వేరియబుల్. 64.5 అనే హద్దును కాన్ఫిగ్ ఫైల్లో పెట్టి ఇంపోర్ట్ చేసుకుంటే, కంపైల్ అయిన క్షణాన ఉన్న విలువే కోడ్‌లో స్థిరపడుతుంది. కాన్ఫిగ్‌లో 115.6 అని మార్చినా లెక్క 64.5తోనే వస్తుంది, ఎర్రర్ ఏదీ రాదు. తప్పు అంకెలు నివేదికలోకి ఎక్కేది ఇలాగే. హద్దులను ఎప్పుడూ ఆర్గ్యుమెంట్‌గా పంపండి. ఒకదాన్నొకటి పిలుచుకునే ఎన్‌జిట్ ఫంక్షన్లను ఒకే ఫైల్లో ఉంచండి. కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు ఎన్‌బిఐ, ఎన్‌బిసి ఫైళ్లు తుడిచేయండి.

క్యాష్‌ను గుర్తుపట్టే తాళంచెవిలో సీపీయూ కూడా భాగమే. గచ్చిబౌలి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో తయారైన క్యాష్ క్లౌడ్ సర్వర్‌లో వేరే ప్రాసెసర్ కనపడగానే పనికిరాదు, మళ్లీ కంపైల్ అవుతుంది. కంటెయినర్ ఇమేజ్‌లోనే క్యాష్ నింపాలనుకుంటే రెండు చోట్లా నంబా సీపీయూ నేమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను జెనరిక్ అని పెట్టవచ్చు. కానీ పలు విలువలను ఒకేసారి లెక్కించే ఏవీఎక్స్ లాంటి సీపీయూ సూచనలు వదులుకోవాలి; భారీ లూపులకు ఆ బేరం గిట్టదు. రాయడానికి వీల్లేని ఫోల్డర్‌లో సోర్స్ ఉంటే యూజర్ క్యాష్ ఫోల్డర్‌ను వెతుకుతుంది, అదీ దొరక్కపోతే లొకేటర్ లేదని ఎర్రర్ ఇస్తుంది. నంబా క్యాష్ డిర్ వేరియబుల్‌తో చోటు చూపిస్తే సరిపోతుంది. ఆ చోటు అందరూ రాయగల టెంప్ ఫోల్డర్ కాకూడదు. ఈ ఫైళ్లు పికిల్ రూపంలో చదవబడతాయి, అంటే అక్కడ రాయగలిగినవాళ్లు మీ ప్రాసెస్‌లో కోడ్ నడపగలరు.

సిగ్నేచర్ ఇచ్చి ముందే. ఫ్లోట్32 ఒక డైమెన్షన్ అర్రే అని డెకరేటర్‌లోనే రాస్తే ఇంపోర్ట్ సమయంలోనే కంపైల్ అయిపోతుంది. కొత్త రూపాలు పుట్టవు. ఫ్లోట్64 అర్రే పంపితే టైప్‌ఎర్రర్ వస్తుంది. నిజానికి అది మేలే, లోపలికి ఏ రకం డేటా వస్తోందో బయటపడుతుంది. స్కేలర్లకు (విడి సంఖ్యలకు) మాత్రం ఈ రక్షణ లేదు: ఇంట్32 అని రాసిన చోట 2 పవర్ 31 పంపితే గొడవేమీ చేయకుండా కత్తిరించేస్తుంది. ఇంకో సూక్ష్మం: సిగ్నేచర్‌లో అర్రే రకం తర్వాత బ్రాకెట్లలో ఒక్క కోలన్ పెడితే ఎడం ఉన్న అర్రేలకూ సరిపోయే సాధారణ కోడ్ వస్తుంది, వెక్టరైజేషన్ (పలు విలువలను ఒకేసారి లెక్కించడం) దెబ్బతినవచ్చు. కోలన్, కోలన్, ఒకటి అని రాస్తేనే పక్కపక్కన ఉన్న డేటాకు తగిన వేగం వస్తుంది. అప్పుడు స్లైస్‌లను పంపే ముందు నమ్‌పై ఆస్‌కంటిగ్యువస్‌అర్రేతో సరిచేయాలి.

చిన్న క్రాన్ పనులకు క్యాష్=ట్రూ, ఎక్కువసేపు నడిచే సర్వర్‌కు మెమరీ క్యాష్‌తో పాటు ప్రీలోడ్, రకాలు స్థిరపడిన లైబ్రరీకి సిగ్నేచర్, క్యాష్ రెండూ కలిపి: మా ఓటు ఇలా. పైసీసీ అనే పాత ముందస్తు కంపైలర్ జోలికి ఇప్పుడు వెళ్లక్కర్లేదు, 0.57 వెర్షన్ నుంచి దాన్ని పక్కన పెట్టే దారిలో ఉన్నారు.

ఏది ఎంచుకున్నా, అసలు డేటాతో ఒకసారి నడిపి ఫంక్షన్ పేరు తర్వాత డాట్ సిగ్నేచర్స్ అని అడగండి. మీరు అనుకున్న రూపాల కంటే ఎక్కువ కనిపిస్తే రకాలు చెదిరినట్టే. డాట్ స్టాట్స్‌లో క్యాష్ హిట్స్, మిసెస్ రెండూ ఉంటాయి. రెండో పరుగులో కూడా మిసెస్ ఉంటే నంబా డీబగ్ క్యాష్ వేరియబుల్‌ను 1 చేసి నడపండి, ఏ ఫైలు కోసం ఎక్కడ వెతికిందో వరుసగా చెబుతుంది.