ఇనుప రజనా, దిక్సూచా? బలరేఖలు నేర్చుకోవడానికి ఏది మేలు?

పదో తరగతిలో అయస్కాంత క్షేత్రం, అంటే అయస్కాంతం ప్రభావం ఉండే చోటు, దాని దిక్కును చూపడానికి గీసే బలరేఖలు – ఈ పాఠం మొదలుపెట్టడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఒక దండాయస్కాంతం, కాస్త ఇనుప రజను, ఒక చిన్న దిక్సూచి ఉంటే చాలు. ముందు దేన్ని చేతిలోకి తీసుకోవాలన్నదే ప్రశ్న. నేను ఏళ్లపాటు రజనుతోనే మొదలుపెట్టాను. ఇప్పుడు దిక్సూచితో మొదలుపెడుతున్నాను.

రజనులో ఉన్న ఆకర్షణ మామూలుది కాదు. అయస్కాంతం మీద అట్ట పెట్టి, రజను పల్చగా చల్లి, వేలితో రెండుసార్లు తడితే ధ్రువాల దగ్గర గుబురుగా, పక్కల విల్లులా వంగిన గీతలు తేలతాయి. వెనక బెంచీ పిల్లలు కూడా లేచి ముందుకొస్తారు. శాస్త్రవేత్త ఫారడే 1851లో ఇలాంటి బొమ్మలనే మైనం కాగితం మీద చెరిగిపోకుండా నిలిపాడు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. "సార్, గీతకీ గీతకీ మధ్య బలం ఉండదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగనివాళ్ల మనసులోనూ అదే ఉంటుంది. నిజానికి క్షేత్రం అన్నిచోట్లా ఉంది. రజనులోని ప్రతి రేణువూ ఆ కాసేపు ఒక బుల్లి అయస్కాంతమై పక్క రేణువును తలకీ తోకకీ లాక్కుంటుంది. అలా గొలుసులు కట్టడం వల్లే మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. పైగా ఆ బొమ్మలో బాణం గుర్తు లేదు. ఉత్తర ధ్రువం ఏ వైపో రజనును చూసి ఎవరూ చెప్పలేరు.

దిక్సూచి పని నెమ్మది. కాగితం మీద అయస్కాంతం పెట్టి, దాని ఉత్తర ధ్రువం పక్కన దిక్సూచి ఉంచి, ముల్లు రెండు కొసల దగ్గరా చుక్కలు పెట్టాలి. ముల్లు తోక, ఇంతకుముందు తల దగ్గర పెట్టిన చుక్క మీదకు వచ్చేలా దిక్సూచిని జరిపి మళ్లీ చుక్క పెట్టాలి. ఇలా దక్షిణ ధ్రువం దాకా వెళ్తే ఒక్క రేఖ వస్తుంది. ఓపిక కావాలి, నిజమే. కానీ ఆ రేఖను పిల్లవాడు తన చేత్తో గీశాడు కాబట్టి అది మనం గీసుకున్న గుర్తే తప్ప అక్కడ దాగి ఉన్న దారం కాదని వాడికి తెలుస్తుంది. బలరేఖలు ఎందుకు ఖండించుకోవు అనే పరీక్ష ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది. ఖండించుకుంటే ఆ బిందువు దగ్గర ముల్లు ఒకేసారి రెండు దిక్కులు చూపాలి, అది కుదరదు.

కరెంటు తీగ దగ్గరైతే పోటీయే లేదు. టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే కరెంటుకు అట్ట మీది రజను దాదాపు కదలదు, రాపిడి ఆపేస్తుంది. మొన మీద తేలికగా తిరిగే ముల్లు మాత్రం పక్కకు తిరుగుతుంది. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ గమనించింది ఇదే. తీగను ఉత్తర-దక్షిణంగా, ముల్లుకు సమాంతరంగా పట్టుకోండి. తూర్పు-పడమరగా పడితే ముల్లు అసలు కదలకపోవచ్చు, పిల్లలు నిరాశపడతారు. తీగ వేడెక్కుతుంది కాబట్టి స్విచ్ రెండు మూడు క్షణాలు వేస్తే చాలు.

తటస్థ బిందువులూ దిక్సూచికే దొరుకుతాయి. అయస్కాంతం ఉత్తర ధ్రువాన్ని ఉత్తరానికి పెడితే, దాని రెండు పక్కలా కొంత దూరంలో ముల్లు ఏ దిక్కూ పట్టించుకోని చోటు ఒకటి వస్తుంది. అక్కడ భూమి క్షేత్రం, అయస్కాంతం క్షేత్రం ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నాయి.

దిక్సూచికీ లోపాలున్నాయి. ఇనుప కాళ్ల టేబుల్ మీద తప్పు చూపిస్తుంది. బలమైన అయస్కాంతాన్ని మరీ దగ్గరకు తెస్తే ముల్లు ధ్రువాలే తారుమారు కావచ్చు, అందుకే వాడే ముందు అది ఉత్తరం సరిగ్గా చూపుతోందో లేదో చూసుకోవాలి. సెల్‌ఫోన్‌లోని అయస్కాంత సెన్సర్ క్షేత్రం ఎంతో మైక్రోటెస్లాల్లో చెబుతుంది. కొలతలకు అది బాగుంటుంది, కానీ రేఖ అంటే ఏమిటో అంకె చూపించలేదు.

ఒక్కటే కొనగలిగితే దిక్సూచే కొనండి. రెండూ ఉంటే, దిక్సూచితో గీసిన కాగితాన్నే మళ్లీ అయస్కాంతం మీద సరిగ్గా అమర్చి రజను చల్లండి. అయస్కాంతానికి దగ్గరగా రజను ఆ పెన్సిల్ గీతల వెంటే వంగి కూర్చుంటుంది. బాణాలు ముందే వేసి ఉంటాయి, ఖాళీల గురించిన ప్రశ్నకు జవాబు పిల్లలే చెబుతారు.