రాణిగంజ్ టైర్ల షాపు: ఒక సుద్దముక్క, ఒక టేపు

ముందు టైర్లు రెండూ అరిగిపోయాయని మా ఇంటి పక్క షాపుకి వెళ్ళడం నా మొదటి తప్పు. "మీ సైజు స్టాక్ లేదు సార్, ఇది ఇంకా వెడల్పు, పట్టు బాగుంటుంది" అనగానే తలూపడం రెండోది. నా కారుతో వచ్చిన సైజు 185/65 ఆర్15 (185 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో, 15 రిమ్ము సైజు అంగుళాల్లో). ఎక్కించింది 205/65 ఆర్15. రిమ్ముకి బాగానే కూర్చుంది, చూడ్డానికి కూడా దర్జాగా ఉంది.

మూడో రోజు అమ్మని ఎయిర్‌పోర్టులో దింపడానికి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కాను. కాసేపటికి మీటర్లో పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలిగింది. "అదేంట్రా, ఏదో మండుతోంది?" అంది వెనక సీట్లోంచి. ఏం లేదమ్మా అన్నాను కానీ లోపల టెన్షన్. ఆ లైటు వెలిగితే మామూలు బ్రేకు పడుతుంది గానీ, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు ఉండదు. తిరిగొచ్చి అదే షాపులో అడిగితే, చక్రం వేగం చూసే వీల్ సెన్సర్ పోయిందన్నారు. మార్చడానికి ఏడు వేలట.

అప్పుడు ఆఫీసులో ఒకాయన చెబితే వెళ్ళాను, రాణిగంజ్ బస్ డిపో దగ్గర సందులో ఉన్న ఈ షాపుకి. ఒక షట్టరు, రెండు స్టూళ్ళు, గోడకి ఆనించిన టైర్లు. అరవై దాటిన ఓనరు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "ముందర గివి ఎవరు ఎక్కించిన్రు సార్?" అన్నాడు. చెప్పాను. ఆయనేం తిట్టలేదు, సుద్దముక్క తెమ్మని కుర్రాణ్ణి కేకేశాడు.

ముందు టైరు మీద ఒక గీత, దాని కింద నేల మీద ఒక గీత. కారుని చేత్తో తోయించి, టైరు మీది గీత మళ్ళీ నేలని తాకిన చోట ఇంకో గీత. వెనక టైరుకీ అంతే. టేపు పెట్టి కొలిస్తే ఒక చుట్టుకి నాలుగు అంగుళాలకి పైనే తేడా! వెడల్పులో 65 శాతం లెక్కన 205 టైరు ఎత్తే ఎక్కువ, పైగా వెనకవి అరిగి ఇంకా చిన్నవయ్యాయి. తర్వాత కారు కంప్యూటర్‌కి స్కానర్ తగిలించి సందు చివరిదాకా నడిపించాడు. తెర మీద వెనక చక్రాలు గంటకి 42 కిలోమీటర్లు చూపిస్తుంటే ముందువి 40 దగ్గరే ఉన్నాయి.

"సెన్సర్ మంచిగనే ఉంది సార్. టైర్లే తప్పు చెప్తున్నయ్."

ఏబీఎస్ కంప్యూటర్ చూసేది నాలుగు చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయన్నదే. బ్రేకు వేసినప్పుడు ఒక చక్రం మిగతావాటికన్నా నెమ్మదిస్తే అది బిగుసుకుపోబోతోందని దానికి బ్రేకు ఒత్తిడి వదులుతుంది. నా ముందు చక్రాలు బ్రేకు వేయకుండానే నెమ్మదిగా తిరుగుతున్నాయి! లెక్క కుదరక అది చేతులెత్తేసి లైటు వెలిగించింది. అలా వెలిగించకుండా పనిచేస్తూ ఉంటే ఇంకా భయం, అవసరం లేని చోట ఒత్తిడి వదిలి కారు ఆగే దూరం పెంచేదేమో. మరి నాలుగూ 205 వేయిస్తే? అప్పుడు చక్రాల మధ్య గొడవ ఉండదు గానీ స్పీడోమీటరు నాలుగు శాతం తక్కువ చూపిస్తుందన్నాడు. నాకొద్దన్నాను.

రెండు కొత్త 185/65లు తీసుకున్నాను. వాటిని వెనక్కి వేసి, వెనకవి ముందుకి తెచ్చాడు. వాన రోడ్డు మీద వెనక భాగం జారితే తిప్పుకోవడం కష్టమట. ముందుకి వచ్చినవాటిలో గాడి లోతు 3 మిల్లీమీటర్లే ఉంది, 1.6కి వస్తే మార్చి తీరాలి, వానాకాలం లోపే రమ్మన్నాడు. ఇంకో అమ్మకం కోసమే అనుకోవచ్చు గానీ, లోతు కొలిచే గేజీ నా చేతికిచ్చి నన్నే కొలుచుకోమన్నాడు. మూడు రోజులు తిరిగిన 205లని కొన్న ధరలో సగం కన్నా కాస్త ఎక్కువకి తీసుకున్నాడు. స్కానింగుకి, సుద్దముక్కకి పైసా అడగలేదు.

తిప్పలూ ఉన్నాయి. అలైన్‌మెంట్ మెషీన్ లేదు, పక్క వీధికి పంపుతారు. అడిగితే తప్ప జీఎస్టీ బిల్లు రాదు. రెండున్నర గంటలు పట్టింది, అందులో నాలుగు ఇరానీ చాయ్‌లు తాగాను. కారు పెట్టుకోవడానికి చోటు అసలే లేదు, పొద్దున పదిలోపు వెళ్ళండి.

నాలుగు స్టార్లు. లైటు మళ్ళీ వెలగలేదు. వెళ్ళే ముందు డ్రైవరు డోరు తీసి, పక్కన అంటించి ఉండే స్టిక్కర్ మీది టైరు సైజు ఫోటో తీసుకోండి. ఆయన మొదట అడిగేది అదే.