ఎఫ్‌ఆర్‌సీనా, వెక్సా? మా ఇంట్లో తేలిన లెక్క

ఆగస్టు వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకటే ప్రశ్న. "అక్కా, మావాడికి ఈ ఏడు నైన్త్. స్కూల్లో ఎఫ్‌ఆర్‌సీ టీమ్ ఉంది, మా వీధి పిల్లలేమో వెక్స్ టీమ్ పెడుతున్నారు. ఎందులో వెయ్యమంటావ్?" రెండూ పిల్లలు జట్లుగా రోబోలు కట్టి ఆడే పోటీలే, ఎఫ్‌ఆర్‌సీ అంటే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్. డాలస్‌కి ఉత్తరాన ఈ ఊళ్ళలో మనవాళ్ళ ఇళ్ళు ఎన్నో, ఈ ప్రశ్న అన్నిసార్లు. ఫోన్లో చెప్పీ చెప్పీ విసిగి, ఒక్కసారే రాసి పెడుతున్నాను.

మా ఇంట్లో రెండూ నడిచాయి. పెద్దది నాలుగేళ్ళు ఎఫ్‌ఆర్‌సీలో ఉండి మొన్న మేలో హైస్కూలు ముగించింది. చిన్నాడు మూడేళ్ళుగా వెక్స్. వాడికీ ఈ ఏడే నైన్త్. అక్క టీమ్‌లోకే వెళ్తాడని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు.

ముందు డబ్బు సంగతి, ఎలాగూ అడుగుతారు కాబట్టి. ఎఫ్‌ఆర్‌సీకి ఒక సీజన్ రిజిస్ట్రేషనే ఆరు వేల డాలర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రోబో ఖర్చు, ప్రయాణాలు వేరే. అయితే అది స్కూలూ స్పాన్సర్లూ మోస్తారు, మన జేబుకు తగిలేది తక్కువ. వెక్స్‌లో ఫీజు చిన్నదే కానీ వీధి టీమ్ అయితే మోటార్లు, బ్యాటరీ, బ్రెయిన్ (రోబోను నడిపే చిన్న కంప్యూటర్), అల్యూమినియం ముక్కలు అన్నీ తల్లిదండ్రులు చందాలేసుకుని కొనాలి. మొదటి ఏడాది మా టీమ్‌లోని నలుగురు పిల్లల ఇళ్ళకూ కలిపి రెండు వేల పైనే అయింది. రెండో ఏడాది నుంచి పాత సామానే అక్కరకొచ్చింది. కాలేజీ అప్లికేషన్‌లో ఏది బరువు అన్నది రెండో ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉందని చెప్పేవాళ్ళని నేను నమ్మను.

నేను చూసే లెక్క వేరు. పిల్లవాడు తన చేత్తో కట్టింది ఏడాదిలో ఎన్నిసార్లు విప్పి మళ్ళీ కట్టాడు?

వెక్స్ వాళ్ళు కొత్త ఆటను వసంతంలో, ప్రపంచ పోటీల దగ్గరే ప్రకటిస్తారు. 2022 నుంచి 2025 దాకా ఆ పోటీలు మా డాలస్‌లోనే జరిగాయి కాబట్టి ఆ సందడి మాకు బాగా తెలుసు. అప్పటి నుంచి మళ్ళీ వసంతం దాకా అదే ఆట. పద్దెనిమిది అంగుళాల రోబో, జట్టులో నలుగురైదుగురు. శరత్కాలం మొదలుకొని నెలకో టోర్నమెంట్ దొరుకుతుంది. ఓడిపోయిన ప్రతిసారీ ఇంటికొచ్చి విప్పడమే.

మావాడి మొదటి ఏడాది అక్టోబరు టోర్నమెంట్ చెప్తాను. రోబోలో బరువెత్తే లిఫ్టు మొదటి రెండు మ్యాచ్‌లలో బాగానే లేచింది. మూడోదాంట్లో సగంలో నిలబడిపోయింది. మోటారు పోయిందన్నారు, కొత్తది బిగించారు. రెండు మ్యాచ్‌ల తర్వాత అదీ అంతే. ఈ మోటార్లు బాగా వేడెక్కితే తమంతట తామే కరెంటు తగ్గించుకుంటాయని ఆ రోజు పక్క టేబుల్ అమ్మాయి చెప్పేదాకా మావాళ్ళకి తెలియదు. సరే, వేడి ఎందుకెక్కుతోంది? ఆ రాత్రి గరాజ్‌లో మోటారు ఊడదీసి, షాఫ్టును ఉత్త వేళ్ళతో తిప్పి చూశాడు. తిరగలేదు. వెంట్రుకవాసి వంగి ఉంది, పైగా రెండు పక్కల చానెళ్ళ (లోహపు పట్టీల) రంధ్రాలు ఒక వరసలో లేవు. మోటారు సగం బలం బరువెత్తడానికి కాదు, రాపిడితో కుస్తీకే పోతోంది.

షాఫ్టు మార్చారు, బేరింగులు పెట్టారు, బరువును కొంత మోయడానికి రబ్బరు బ్యాండ్లు తగిలించారు. అక్కడితో ఊరుకోకుండా మోటారులో ఆకుపచ్చ గేరు కార్ట్రిడ్జ్ తీసి ఎర్రది వేశారు. ఆకుపచ్చది నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది, ఎర్రది 100. బలం రెట్టింపు, వేగం సగం. నవంబరులో లిఫ్టు ఎక్కడా ఆగలేదు, కానీ అది పైకి చేరేలోగా అవతలివాళ్ళు రెండుసార్లు స్కోరు చేసి పోయారు. మళ్ళీ విప్పారు. రాపిడి పోయాక ఆకుపచ్చదే సరిపోతుందని అప్పుడు తేలింది. అంటే మొదటి నుంచీ తప్పు గేరులో లేదు. జనవరికి అది మూడో రోబో. ఆరో తరగతి పిల్లవాడు, కారణం ఒకటి, కనిపించే లక్షణం ఇంకొకటి అని ఆరు వారాలు తన్నుకుని తెలుసుకున్నాడు. సైన్స్ క్లాసులో ఏ లేబొరేటరీ పీరియడ్ అయినా ఆరు వారాలు ఒకే తప్పు మీద కూర్చోనిస్తుందా?

పెద్దదాని మొదటి ఏడాది దీని పక్కన పెట్టి చూడండి. వాళ్ళ టీమ్‌లో నలభైమంది పైన. జనవరి మొదట్లో ఓ శనివారం ఆట ప్రకటిస్తారు, మార్చిలో పోటీలు. 2019 దాకా అయితే ఆరు వారాలవగానే రోబోను సంచీలో పెట్టి సీలు వేయాల్సి వచ్చేది. 2020 నుంచి ఆ నియమం తీసేశారు, ఊపిరి ఆడుతోంది. అయినా హడావుడి హడావుడే. బ్యాటరీ, బంపర్లు కాకుండానే యాభై కేజీలకు అటూ ఇటూగా తూగే యంత్రం, గడువు నెత్తిమీద, అలాంటప్పుడు కొత్త పిల్లకి ఎవరిస్తారు స్పానరు? మా అమ్మాయి ఆ ఏడు బంపర్లకు గుడ్డ కుట్టింది, మిగతా కాలం గ్యాలరీలో కూర్చుని స్కౌటింగ్, అంటే మిగతా టీమ్‌ల ఆట చూసి రాసుకోవడం, చేసింది. రోబో మీద చెయ్యి వేసింది రెండో ఏడాదిలో.

పెద్దవాళ్ళ చేతుల విషయం కూడా ఉంది. ఎఫ్‌ఆర్‌సీలో మెంటర్లు పిల్లలతో కలిసి పని చేయొచ్చు, చేస్తారు. మంచి మెంటర్ పక్కన నిలబడి నేర్చుకునేది పుస్తకంలో దొరకదు, ఒప్పుకుంటాను. వెక్స్‌లో కట్టడం, కోడ్ రాయడం పిల్లలే చెయ్యాలన్నది నియమం. జడ్జీలు పిల్లల్ని పక్కకి పిలిచి "ఈ గేరు ఇక్కడ ఎందుకు?" అని అడుగుతారు, రెండో ప్రశ్నకే నిజం బయటపడుతుంది. మన నాన్నలకి ఇది పెద్ద శిక్ష. ఇరవై ఏళ్ళు కోడ్ రాసిన మనిషి, కొడుకు ప్రోగ్రాములో తప్పు కళ్ళెదురుగా కనిపిస్తుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. మా ఆయన ఆ రోజుల్లో కాఫీ వంకతో బయటికి వెళ్ళిపోయేవారు.

అలాగని ఎఫ్‌ఆర్‌సీని తీసిపారేయను. వెక్స్ ఇచ్చేది రంధ్రాలు పొడిచిన సామాను. కొలిచి, కోసి, తొలిచి చేసుకునే పని దాదాపు ఉండదు. పెద్దది మూడో ఏడాదికి క్యాడ్‌లో (కంప్యూటర్ మీద) భాగం గీసి, మిల్లింగ్ మెషిన్ మీద తనే కోసి, అది సరిపడక మళ్ళీ కోసింది. ఒకసారి వాళ్ళ రోబో ఎదుటి రోబోను తోస్తూ ఉన్నట్టుండి చచ్చుబడింది. ఎనిమిది మోటార్లు ఒక్కసారిగా కరెంటు లాగితే పన్నెండు వోల్టుల బ్యాటరీ ఏడు దిగువకు జారుతుంది, అప్పుడు కంట్రోలర్ తనను కాపాడుకోవడానికి మోటార్లను ఆపేస్తుంది. ఆ సంగతి రోబో నమోదు చేసిన లాగ్ చూసి పట్టుకుని, ఒక్కో మోటారుకు కరెంటు హద్దు పెట్టింది ఈ పిల్లే. కాకపోతే అప్పటికి మూడేళ్ళు. అంతకాలం ఓపిక పట్టలేక మానేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను.

ఎఫ్‌టీసీ (ఫస్ట్ టెక్ ఛాలెంజ్) అనే ఇంకో పోటీ రెంటికీ మధ్యది. వెక్స్‌లాగే పద్దెనిమిది అంగుళాలతో మొదలవుతుంది, జట్టూ చిన్నదే, కానీ సామాను మీద ఆంక్షలు తక్కువ, త్రీడీ ప్రింటింగ్ చేసుకోవచ్చు, కోడ్ జావాలో. మీ ఊళ్ళో మంచి ఎఫ్‌టీసీ టీమ్ ఉంటే నేను రాసిందంతా పక్కన పెట్టి అందులో వేసేయండి. మా దగ్గర దొరికినదానికి గంట డ్రైవు, అందుకే మా ఇంట్లో ఆ చర్చే రాలేదు. ఎఫ్‌ఎల్‌ఎల్ (ఫస్ట్ లెగో లీగ్) చిన్న పిల్లలకి బాగుంటుంది, నైన్త్ వాళ్ళకి అనవసరం. హైదరాబాద్ నుంచి మా చెల్లి అడిగింది కాబట్టి ఒక మాట: స్కూల్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ (ప్రభుత్వ సాయంతో పెట్టే ప్రయోగశాల) ఉంటే ముందు దాని తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోమన్నాను.

మీ స్కూల్ ఎఫ్‌ఆర్‌సీ టీమ్ గురించి తేల్చుకోవాలంటే ట్రోఫీలు చూడకండి. ఇన్ఫర్మేషన్ నైట్‌కి వెళ్ళి, వేదిక మీద ఉన్న సీనియర్లని కాదు, టెన్త్ పిల్లని ఒకరిని పక్కకి పిలిచి అడగండి: "కిందటేడు నువ్వు రోబోలో ఏ ముక్క చేశావమ్మా?" చేసిన పిల్ల చేతులు తిప్పుతూ చెప్తుంది. మీ పిల్లవాడికి స్పానర్ కన్నా డబ్బు పోగుచెయ్యడం, వీడియోలు తియ్యడం, జనంతో మాట్లాడటం ఇష్టమైతే మాత్రం ఎఫ్‌ఆర్‌సీయే. ఆ పనులన్నిటికీ అక్కడ కుర్చీ ఉంది, వెక్స్‌లో లేదు. గరాజ్ లేని అపార్ట్‌మెంట్ వాళ్ళకీ అదే మేలు.

ఇదంతా రాసి పెద్దదానికి చూపించాను. స్కౌటింగ్ గురించి రాసిన వాక్యం దగ్గర ఆగి, "అది శిక్ష అన్నట్టు రాశావేంటమ్మా?" అంది. ఒక్కో మ్యాచ్‌లో అటు మూడు ఇటు మూడు, మొత్తం ఆరు రోబోలు, ఆరుగురు పిల్లలు తలా ఒకదాన్ని చూసి అంకెలు రాస్తారు. క్వాలిఫికేషన్ మ్యాచ్‌లు ముగిశాక ఎనిమిదిమంది కెప్టెన్లు తమ భాగస్వాముల్ని ఎంచుకునేది ఆ అంకెల బట్టే. పట్టికలో పైన ఉన్న టీమ్ అన్నిసార్లూ మంచి టీమ్ కాదని, జతపడినవాళ్ళ అదృష్టం కూడా అందులో కలిసి ఉంటుందని, దాన్ని విడదీయడానికే తను పైథాన్ నేర్చుకుందట. ఇప్పుడు కాలేజీలో స్టాటిస్టిక్స్ తీసుకుంటోంది. "నాకు మొదటి ఏడాదే స్పానరిచ్చి ఉంటే ఇటు వచ్చేదాన్నే కాదు" అంది.

నేను వేసిన లెక్కలో ఈ పద్దు లేదు. అయినా చిన్నాడు వెక్స్‌లోనే ఉన్నాడు.