తాళానికి డబ్బులు తీసుకుని గొళ్లెం పెట్టి పోయాడు: లైబ్రరీ కంప్యూటర్లకు లాక్ వేయించేవాళ్లు జాగ్రత్త

పోయిన వేసవిలో మా ఊరి లైబ్రరీకి రెండు కంప్యూటర్లు వచ్చాయి. ఈ ఊళ్లోనే పదో తరగతి దాకా చదివి ఇప్పుడు డాలస్‌లో ఉంటున్న అబ్బాయి డబ్బు పంపిస్తే కొన్నాం. కమిటీలో జమాఖర్చులు చూసేది నేనే. కాబట్టి కింద చెప్పబోయే తెలివితక్కువతనంలో సగం వాటా నాది. ముందే ఒప్పేసుకుంటే మనసు తేలికగా ఉంటుంది.

మాకు కావలసింది చిన్న పనే. డిగ్రీలో చేరే పిల్లలు దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ అడ్మిషన్ల సైటులో, అప్లికేషన్ పెట్టుకోవాలి. గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఆ పరీక్షలు పెట్టే టీజీపీఎస్సీ సైటు చూసుకోవాలి. హాల్‌టికెట్లు, రిజల్టులు, దినపత్రికలు తెరుచుకోవాలి. రీల్సూ రమ్మీలూ వగైరా తెరుచుకోకూడదు. ఒకరు లేచి వెళ్లాక వాళ్లు ఏం చూశారో, ఏ మెయిల్లోకి వెళ్లారో తర్వాత కూర్చున్నవాళ్లకు కనబడకూడదు. సిటీలో ఒకాయన ఉన్నాడు, స్కూళ్లకు, బ్యాంకులకు ఇలాంటివే చేస్తాడు అని ఎవరో నంబరిచ్చారు. పేరు రాయను. రాస్తే గొడవ పేరు మీదికి పోతుంది, పని తీరు మరుగున పడుతుంది.

కంప్యూటరుకు 14,500 చొప్పున రెండింటికి 29,000. ఏడాది మెయింటెనెన్స్ మరో 6,000. మొత్తం 35,000 రూపాయలు, పని మొదలుపెట్టక ముందే, ఫోన్‌పేలో, ఆయన సొంత నంబరుకు. బిల్లు తర్వాత పంపుతానన్నాడు. నేను మెడికల్ షాపు నడిపినవాణ్ని. పది రూపాయల మాత్రకైనా బిల్లు ఇచ్చి అమ్మినవాణ్ని. ఆ రోజు నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో.

కొటేషన్ కాగితం ఇప్పుడు తీసి చూస్తే సిగ్గేస్తుంది. అందులో మూడో లైన్‌లో 'మైక్రోసాఫ్ట్ స్టెడీస్టేట్ లైసెన్స్' అని ఉంది. స్టెడీస్టేట్ అనేది పదిమంది వాడే కంప్యూటర్‌ను ఎవరూ మార్చకుండా కాపాడే సాఫ్ట్‌వేర్, ఒకప్పుడు నెట్ సెంటర్ల వాళ్లకు బాగా తెలిసిన సరుకే. విండోస్ ఎక్స్‌పీ, విస్టా కాలంలో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చేది. 2010 డిసెంబర్ 31తో ఇవ్వడం మానేసింది. విండోస్ 7కే అది రాలేదు. ఉచితంగా ఇచ్చి ఎప్పుడో ఆపేసిన దానికి మేము లైసెన్స్ డబ్బులు కట్టామన్నమాట. మీకు వచ్చిన కొటేషన్‌లో ఆ మాట కనబడితే ఆ కాగితంలో మిరపకాయ బజ్జీలు కట్టుకోండి.

పని గంటన్నరలో అయిపోయింది. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర నిండా మా లైబ్రరీ పేరు, కింద ఎనిమిది బొమ్మలు, నొక్కితే ఎనిమిది సైట్లు. పైన అడ్రస్ పట్టీ లేదు, కింద టాస్క్‌బార్ లేదు. సర్పంచ్ గారు కొబ్బరికాయ కొట్టారు, మేము చప్పట్లు కొట్టాం. తాళం వేసినాయన కారెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదో తరగతి పిల్లాడొకడు వచ్చి కూర్చున్నాడు. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కాడు. ఆ తెర కాస్తా మాయమై మామూలు డెస్క్‌టాప్ వచ్చింది. అది కూడా ఏదైనా మార్చేయగల అడ్మిన్ అకౌంట్, దానికి పాస్‌వర్డ్ కూడా లేదు. విండోస్‌తో వచ్చే ఎడ్జ్ బ్రౌజర్ తెరిచి వాడికి కావలసింది వాడు చూసుకున్నాడు. నేను గదమాయిస్తే, "తాతా, ఇది తాళం కాదు, ఉత్త గొళ్లెం" అన్నాడు. వాణ్ని తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు.

ఆయన చేసిందల్లా ఏమిటో తర్వాత మా మేనల్లుడు చూసి చెప్పాడు. క్రోమ్ షార్ట్‌కట్ చివర కియోస్క్ అనే చిన్న మాట తగిలించి, అది స్టార్టప్‌లో తెరుచుకునేలా పెట్టాడు. ఆ మాట క్రోమ్‌ను తెర నిండా పరుస్తుందే తప్ప విండోస్‌కు తాళం వేయదు. విండోస్ కీ నొక్కితే స్టార్ట్ మెనూ వస్తుంది, ఆల్ట్ ట్యాబ్ పనిచేస్తుంది. సైట్లను ఆపే పని ఒక ఎక్స్‌టెన్షన్‌కు, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాంకు, అప్పగించాడు. అది క్రోమ్ ఒక్కదానిలోనే ఉంటుంది కాబట్టి పక్క బ్రౌజర్ తెరిస్తే లోకమంతా తెరిచినట్టే.

అసలు భయపడింది మాత్రం నాలుగో రోజు. ఒక అమ్మాయి దోస్త్ పని చూసుకుని, మెయిల్లో హాల్‌టికెట్ తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత కూర్చున్న కుర్రాడు నా దగ్గరికొచ్చి, "బాబాయ్, ఆ అక్క మెయిల్ తెరిచే ఉంది, అందులో ఆధార్ కూడా ఉంది" అన్నాడు. వాడు మంచివాడు కాబట్టి చెప్పాడు. చెప్పనివాడు కూర్చుని ఉంటే? ఆ రోజే రెండు కంప్యూటర్ల మీదా దుప్పటి కప్పేశాను. ఆ అమ్మాయి ఇంటికి నేనే వెళ్లి, పాస్‌వర్డ్ మార్చుకోమని చెప్పి వచ్చాను.

ఫోన్ చేస్తే ఆయన మొదటి మాట, "మీ పిల్లలు గెలికారు, దానికి గ్యారంటీ ఉండదు." పిల్లలు గెలకకుండా ఉండడానికే కదయ్యా నీకు డబ్బిచ్చింది! రెండో మాట, రీస్టార్ట్ చేస్తే అంతా పోతుంది అని. నిజమే, రీస్టార్ట్ చేయగానే కంప్యూటర్‌ను మొదటి స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, డీప్ ఫ్రీజ్ లాంటివి. మా దాంట్లో పెట్టింది అలాంటిదేదో ముప్పై రోజుల ట్రయల్. కానీ మనిషి మనిషికీ మధ్య రీస్టార్ట్ చేసేదెవరు? ఈ తేడా నాకు అప్పుడే అర్థమైంది. చూడకూడనిది చూడకుండా ఆపడం ఒక పని. చూసినదాని జాడ తుడవడం ఇంకో పని. ఒకటి చేసి రెంటికీ డబ్బు తీసుకునేవాళ్లు ఉంటారు. మాకు దొరికినాయన రెండూ చేయలేదు.

ఇంకో సంగతి, అడిగినా చెప్పనిది. దూరం నుంచి మా కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి, ఎవరూ ఒప్పుకోవలసిన పని లేకుండా లోపలికి వచ్చేలా పాస్‌వర్డ్ పెట్టి వెళ్లాడు. రెండింటికీ ఒకటే పాస్‌వర్డ్, వాళ్ల షాపు పేరు పక్కన 123. ఆయన పనిచేసిన మిగతా చోట్ల కూడా అదే ఉంటే, ఆ ఒక్క తాళంచెవి ఎన్ని ఇళ్లకు పడుతుందో ఆలోచించండి.

సైట్ల జాబితా గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నిజాయితీగా పనిచేసేవాళ్లకు కూడా తల తిరిగే విషయం. దోస్త్ సైటు ఒక్కటి అనుమతిస్తే చాలదు. ఫీజు కట్టేటప్పుడు పేజీ పేమెంట్ గేట్‌వేకు వెళ్తుంది, అక్కణ్నుంచి బ్యాంకుకు వెళ్తుంది. క్యాప్చా ఇంకెక్కడినుంచో వస్తుంది. సర్టిఫికెట్‌కు డిజీలాకర్ అడగొచ్చు. మా దాంట్లో మొదటిరోజే ఫీజు పేజీ ఆగిపోయింది. ఫోన్ చేస్తే దూరం నుంచి వచ్చి సరిచేశానన్నాడు. సరిచేయడమంటే జాబితా తీసేసి అన్నీ తెరిచేయడం! సరిగా చేసేవాడు క్రోమ్‌లోనైనా ఎడ్జ్‌లోనైనా పాలసీలో, అంటే అడ్మిన్ మాత్రమే మార్చగల నియమాల్లో, ముందు అన్నిటినీ ఆపి, తర్వాత కావలసినవి ఒక్కొక్కటే అనుమతిస్తాడు, ఒక అప్లికేషన్‌ను మొదటినుంచి ఫీజు కట్టేదాకా మన ముందే చేసి చూపిస్తాడు. దానికి ఒక పూట పడుతుంది. ఆ పూటకు డబ్బివ్వండి, తప్పులేదు.

మేనల్లుడు ఒక కంప్యూటర్‌ను విప్పి మళ్లీ కట్టాడు. నిజానికి చాలావరకు విండోస్‌లోనే ఉందట. సెట్టింగ్స్‌లో అకౌంట్లలోకి వెళ్తే కియోస్క్, అంటే కంప్యూటర్‌ను ఒక్క పనికే కట్టేసే పద్ధతి, పెట్టుకునే చోటు ఉంటుంది, ఎడ్జ్‌ను అందులో పబ్లిక్ బ్రౌజింగ్‌గా ఎంచుకోవాలి. అప్పుడు ఆ ఒక్క బ్రౌజరే నడుస్తుంది, పైన సెషన్ ముగించే బటన్ ఉంటుంది, ఎవరూ ముట్టకపోతే మామూలుగా ఐదు నిమిషాలకు అంతా తుడిచేసి మొదటికొస్తుంది. చిక్కల్లా ఎడిషన్ దగ్గరే. విండోస్ హోమ్‌లో ఈ సదుపాయం లేదు. ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్‌లలోనే ఉంది. మావి హోమ్. ప్రో పెట్టానని చెప్పినాయన పెట్టిన కీ ఎక్కడిదో గానీ, మూడు వారాలకే తెర మూలన 'యాక్టివేట్ విండోస్' అని వచ్చింది. అన్నట్టు, మీకు పాత కంప్యూటర్లు అంటగడితే అందులో విండోస్ 10 ఉందేమో చూడండి. దానికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పదిమంది కూర్చునే చోట అది పనికిరాదు.

డబ్బు చేతికిచ్చే ముందు ఊళ్లో అల్లరి పిల్లల్ని ముగ్గుర్ని పిలిచి అరగంట వదిలేయండి. ఆల్ట్ ఎఫ్4, విండోస్ కీ, ఆల్ట్ ట్యాబ్ నొక్కనివ్వండి. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ పెట్టె వస్తుంది, అందులోంచి సెట్టింగ్స్‌లోకి దారి ఉందేమో చూడనివ్వండి. ప్రింట్ ఇచ్చి పీడీఎఫ్‌గా సేవ్ అంటే ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయా, పెన్‌డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ చేస్తే విండోస్ బదులు దానినుంచి కంప్యూటర్ మొదలవుతుందా, దాన్ని ఆపే బయోస్‌కు (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగులకు) పాస్‌వర్డ్ ఉందా, అదీ చూడాలి. ఒకడు తన మెయిల్ తెరిచి లేచిపోవాలి, ఇంకొకడు వచ్చి కూర్చోవాలి. మెయిల్ కనబడిందా, పైసా ఇవ్వకండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీరు పెట్టుకోండి, వాళ్లు వెళ్లాక మార్చండి.

నెట్ సెంటర్ నడిపేవాళ్లకు ఒక ముక్క. 2011 సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం వచ్చినవాళ్ల వివరాల రిజిస్టరు, బ్రౌజింగ్ లాగ్, అంటే ఏ సైట్లు చూశారన్న జాబితా, కనీసం ఏడాది దాచాలి. పైన చెప్పిన పబ్లిక్ బ్రౌజింగ్ పెడితే కంప్యూటర్‌లో చరిత్ర మిగలదు, కాబట్టి లాగ్ విడిగా నెట్‌వర్క్ దగ్గరే ఎక్కేలా చేయించుకోవాలి. ఈ నిబంధనలు చూపించే మా తాళం మనిషి మాకు మరో 6,000 అంటగట్టబోయాడు. మా దగ్గర రుసుమూ లేదు, వ్యాపారమూ లేదు.

1915కు, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఫిర్యాదు నమోదైంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఐదు లక్షల లోపు దానికి ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. చేతిలో ఉన్నవి కొటేషన్ కాగితం, ఫోన్‌పే రసీదు, వాట్సాప్ మాటలు. బిల్లు లేదు. అడిగిన ప్రతిసారీ "రేపు పంపుతా అన్నా" అంటున్నాడు.

ఒక కంప్యూటర్ దగ్గర ఇప్పుడు పిల్లలు వరసలో నిలబడుతున్నారు. రెండోదానికి ప్రో లైసెన్స్ కొనేందుకు చందా పోగవ్వాలి. అందాకా దాని మీద దుప్పటి అలాగే ఉంది.