ఆర్‌అండ్‌డీ సెంటర్‌కు ఊరు వెతికిపెట్టే సర్వీసు: సగం కొంటే చాలు

బహుళజాతి కంపెనీలకు పరిశోధన కేంద్రం ఎక్కడ పెట్టాలో చెప్పే లొకేషన్ అడ్వైజరీ ఎవరి దగ్గర తీసుకున్నా పని ఇంచుమించు ఒకే తీరున సాగుతుంది. ముందు ఇరవై దాకా నగరాల జాబితా, వడపోశాక నాలుగైదు, వాటికి మార్కుల పట్టిక, చివర్లో సైట్ విజిట్ (ఆ ఊళ్లకు స్వయంగా వెళ్లి చూడటం). వడపోత వరకు డబ్బులు గిట్టుబాటే. వీసాలు, పేటెంట్ చట్టాలు, అద్దెలు, జీతాలు ఒకేచోట దొరుకుతాయి.

తేడా కొట్టేది మార్కుల పట్టికలో. కంపెనీ పెద్దాయన మనసులో ఉన్న ఊరు గెలిచేదాకా వెయిటేజీలు (ఏ అంశానికి ఎంత ప్రాధాన్యమన్న మార్కులు) సర్దుతారు. అందుకే నగరాల పేర్లు బయటికి రాకముందే వెయిటేజీలు రాయించి సంతకాలు తీసుకోండి. తర్వాత ఒక్కోదాన్నీ 10 పాయింట్లు అటూ ఇటూ జరిపించండి. మొదటి ర్యాంకు ఊగిపోతే ఆ పట్టికను పక్కన పడేయొచ్చు.

అసలు ఆ సెంటర్ చేసే పనేమిటో తేలకుండా ఏ పట్టికా పనికిరాదు. ఉన్న ఉత్పత్తిని స్థానిక మార్కెట్‌కు తగ్గట్టు మార్చాలంటే ఫ్యాక్టరీకి, కస్టమర్‌కు దగ్గరుండాలి. కొత్త విద్య పట్టుకోవాలంటే యూనివర్సిటీలు, పోటీదారులు ఉన్నచోటికే పోవాలి, ఖర్చెక్కువైనా సరే. స్విస్ మందుల కంపెనీ నోవార్టిస్ 2002లో పరిశోధన ప్రధాన కేంద్రానికి అమెరికాలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌ను ఎంచుకుంది. అదేమీ చవక ఊరు కాదు. ఇక గడువుల విషయానికొస్తే రిపోర్టులన్నీ ఆశావాదులే. మందుల కంపెనీ ఆస్ట్రాజెనెకా బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌కు మారతామని ప్రకటించింది 2013లో, అక్కడి పరిశోధన భవనం లాంఛనంగా తెరుచుకుంది 2021లో.

"ఇంజినీర్లు ఇన్ని వేలమంది" అన్న అంకె చూసి మురిసిపోవద్దు. మీకు కావలసింది ఉదాహరణకు పదేళ్లు ఫర్మ్‌వేర్ (పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్) రాసిన ముప్పైమంది. సగటు జీతం కాకుండా సీనియర్లకు 75వ పర్సంటైల్ జీతం (వందలో 75 మందికి అంతకంటే తక్కువ వచ్చే జీతం), నోటీసు పీరియడ్, అట్రిషన్ (ఏటా ఉద్యోగం వదిలిపోయేవాళ్ల శాతం) అడగండి.

అన్నిటికన్నా బలహీనం పన్నుల అధ్యాయం. పేటెంట్ బాక్స్ రేటు, అంటే పేటెంట్ల మీద వచ్చే ఆదాయానికి ఇచ్చే తక్కువ పన్ను రేటు, చూపించి ఊరుకుంటారు. సంపన్న దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ 2015లో తెచ్చిన నెక్సస్ నిబంధన ప్రకారం ఆ పన్ను రాయితీ పరిశోధన ఖర్చు ఎవరు, ఎక్కడ పెట్టారన్నదానికి ముడిపడి ఉంటుంది. అమెరికన్ కంపెనీకైతే విదేశీ పరిశోధన ఖర్చును 2022 నుంచి 15 ఏళ్లకు పంచి చూపాలి. అక్కడి 2025 చట్టం స్వదేశీ పరిశోధనకే వెసులుబాటు ఇచ్చింది. ఇది లెక్కలో లేని రిపోర్టును వెనక్కి పంపండి.

సైట్ విజిట్ ప్యాకేజీ వద్దనుకోవచ్చు. పెట్టుబడులు రప్పించే ప్రభుత్వ సంస్థలు చాలాచోట్ల ఆ ఏర్పాట్లు ఉచితంగానే చేస్తాయి. ఆ డబ్బుతో చివరి రెండు నగరాల్లో నిజంగా భర్తీ చేసే ఐదేసి ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చి, ఆరు వారాల్లో ఇంటర్వ్యూ దాటేవాళ్లెందరో చూడండి. ఒప్పందానికి ముందు ఇంకొకటి: సలహాదారుకు ఆఫీసు లీజు మీద కమిషన్ గానీ, రాయితీల్లో వాటా గానీ ఉందేమో రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఉంటే ఫీజు తక్కువగానే కనిపిస్తుంది, కానీ సలహా ఆ కమిషన్ వైపు మొగ్గొచ్చు.