కాలినా, కోలినా? ఇంగ్లిష్ పేర్లను ఎలా పలకడం మేలు

అమెరికా విదేశాంగ మంత్రిగా 2001 నుంచి 2005 దాకా పనిచేసిన పావెల్ మొదటి పేరును బ్రిటన్‌లో ఎవరికి చూపించినా 'కాలిన్' అని చదువుతారు. ఆయన మాత్రం 'కోలిన్'. జమైకా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు 1937లో న్యూయార్క్‌లో పుట్టారు. ఇంట్లో బ్రిటిష్ పద్ధతిలో కాలిన్ అనే పిలిచేవారు. 1941 డిసెంబర్‌లో కోలిన్ కెల్లీ అనే బాంబర్ విమాన పైలట్ యుద్ధంలో చనిపోయాడు, ఆ పేరు దేశమంతా మారుమోగింది. దాంతో వీధిలో పిల్లలు ఈ కుర్రాణ్ణి కూడా కోలిన్ అనడం మొదలుపెట్టారు. ఇంట్లోవాళ్లకు కాలిన్ గానే ఉంటూ, లోకానికి కోలిన్ అయ్యారు.

ఇలాంటి పేరు ఎదురైతే మన ముందు మూడు దారులు. స్పెల్లింగ్ చూసి మనకు తోచినట్టు చదవడం ఒకటి. బ్రిటన్‌దో అమెరికాదో ఒక యాసను పట్టుకుని అన్ని పేర్లూ అలాగే పలకడం రెండోది. ఆ మనిషి తన పేరును ఎలా చెప్పుకుంటే అలా అనడం మూడోది. నేను మూడోదానివైపే, కాకపోతే ఒక షరతు ఉంది.

మొదటి దారి మనకు బడిలోనే అలవాటైంది. టెలిఫోన్ కనిపెట్టింది గ్రాహంబెల్ అని చదువుకున్నాం. ఆయన పుట్టిన బ్రిటన్‌లో ఆ పేరు 'గ్రేయమ్'. స్థిరపడిన అమెరికాలో అయితే చాలామంది బరువు కొలిచే గ్రామ్‌ను పలికినట్టే పలుకుతారు. 'హ' శబ్దం రెండుచోట్లా వినపడదు. క్రికెట్ వార్తల్లో మనం చదివిన ఇయాన్ బోథమ్ అసలు 'ఈయన్'. అయినా తెలుగులో రాసేటప్పుడు, మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఈ పేర్లను మార్చాల్సిన పని లేదు. ఎవరి గురించో అందరికీ తెలుస్తుంది. ఆ పేరున్న మనిషి మన ఎదురుగా కూర్చున్నప్పుడే ఈ దారి పనికిరాదు.

రెండో దారిలో ఒక సుఖం ఉంది: ఒక్కసారి నేర్చుకుంటే చాలు. బెర్నార్డ్ షాను మనం పలికే తీరు నిజానికి అమెరికా వాళ్లకు దగ్గర. వాళ్లు రెండో భాగాన్ని ఒత్తుతారు. బ్రిటన్‌లో ఒత్తు మొదటి భాగం మీదే, 'బర్నడ్' అన్నట్టు. బ్రిటన్ 'మారిస్' అమెరికాలో ఎక్కువగా 'మరీస్' అవుతాడు, 'సెసిల్' అక్కడ 'సీసిల్' అవుతాడు. 'ఆంటొనీ'లో టకారం పోయి 'థ' వస్తుంది. 'క్రేగ్' కాస్తా 'క్రెగ్' అవుతాడు.

అయితే ఒక దేశమంటే ఒకే యాస కాదు, ఇబ్బందంతా అక్కడే. లండన్‌లో 'మార్క్'లో రకారం వినపడదు, స్కాట్లాండ్‌లో స్పష్టంగా వినపడుతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో డాన్ అనే మగవాడి పేరు, తెల్లవారుజాము అని అర్థమొచ్చే డాన్ అనే ఆడవారి పేరు ఒకేలా ఉంటాయి. న్యూయార్క్ పాత యాసలో రెండూ వేరు. అమెరికా దక్షిణాదిలో చాలామందికి 'బెన్' దాదాపుగా 'బిన్'. పైగా రెండో దారి పట్టినవాళ్లు పావెల్ లాంటి మనిషి దగ్గర ఎలాగూ తప్పులో కాలేస్తారు: బ్రిటన్ యాసలో చదివితే ఆయన పేరు ఆయనది కాకుండా పోతుంది.

ఇక మూడో దారి, దాని షరతు. మనిషి చెప్పిన పేరులో రెండు రకాల శబ్దాలు కలిసి ఉంటాయి. కొన్ని ఆ పేరువి, కొన్ని ఆ మనిషి యాసవి. పేరువి పట్టుకోవాలి, యాసవి వదిలేయాలి. విడదీయడానికి తేలికైన పరీక్ష ఉంది. అమెరికన్ తన పేరు 'పీడర్' అన్నట్టు చెబుతాడు. అతను వాటర్‌ను కూడా 'వాడర్' అనే అంటాడు. కాబట్టి అది యాస, మనం హాయిగా పీటర్ అనొచ్చు. అదే క్రెగ్ అని చెప్పుకునేవాడు క్రేజీని 'క్రెజీ' అనడు. అంటే ఆ పొట్టి ఎకారం పేరుకే చెందింది, అతణ్ణి క్రెగ్ అనే పిలవాలి. యాసను కూడా అనుకరించబోతే వెక్కిరింపులా వినిపించే ప్రమాదం ఉంది.

చెవి చాలని చోట్లూ ఉన్నాయి. చాలామంది అమెరికన్ల నోట 'ఎరన్' అనే అబ్బాయి పేరూ 'ఎరిన్' అనే అమ్మాయి పేరూ దాదాపు ఒక్కటే. ఫోన్లో అయితే ఇంటిపేరు కూడా అడగడం మంచిది.

మన పేర్లకూ ఇదే లెక్క. కమలా హారిస్ తన పేరును 'కామలా' అని పలకాలని, వాక్యంలో పెట్టే కామాను తలచుకోమని తన ఆత్మకథలోనే రాసింది. మనకు కమల అంటే కమలమే కాబట్టి నోరు ఒప్పుకోదు. తెలుగులో కమల అనుకుందాం. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు ఆమె చెప్పినట్టే అనాలి, పేరు ఆమెది.

ఇంకో పేరు తార. ఇదే స్పెల్లింగ్‌తో ఐర్లండ్ మూలం ఉన్న పేరు ఇంగ్లిష్‌లో ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లండ్‌లో అది 'టారా', అమెరికాలో చాలామందికి 'టెరా'. మన 'త' వాళ్ల భాషలో లేదు, అందుకే టకారం వస్తుంది. అది యాస, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. 'ఆ' మాత్రం వాళ్లకూ వచ్చు. ఫాదర్‌లో రోజూ పలికేదే. కాబట్టి పాపను బడిలో వేసినప్పుడు టీచర్ టారా అంటే ఊరుకోండి, టెరా అంటే మొదటి రోజే చెప్పండి. ఆలస్యమైతే క్లాసంతా టెరాకే అలవాటు పడుతుంది, పాప కూడా.