ఎఫ్ షార్పా, జి ఫ్లాటా: ఏది రాయడం మేలు?

పియానో మీద ఎఫ్, జి మధ్య నల్ల మెట్టు ఒకటే, పేర్లు రెండు: ఎఫ్‌ను అర స్వరం పెంచితే ఎఫ్ షార్ప్, జిని అర స్వరం తగ్గిస్తే జి ఫ్లాట్. స్టాఫ్ నొటేషన్‌లో (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతిలో) సొంతంగా రాయడం మొదలుపెట్టినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. "పైకెళ్తే షార్ప్, కిందికి దిగితే ఫ్లాట్" అన్న జవాబు తప్పేమీ కాదు, కానీ సగమే.

అసలు చూడాల్సింది ఆ స్వరం కింద ఏ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) ఉంది, తర్వాత ఎటు పోతుంది అన్నది. ఎ మైనర్‌లో ఇ సెవెంత్ కార్డ్ (ఇ, జి షార్ప్, బి, డి) మోగుతుండగా మెలొడీ కిందికి దిగుతున్నా సరే, అక్కడ రాయాల్సింది జి షార్పే, ఎ ఫ్లాట్ కాదు. ట్రెబుల్ క్లెఫ్‌లో (పై స్థాయి స్వరాలకు వాడే గీతల అమరికలో) ఇ, జి షార్ప్, బి కింది మూడు గీతల మీద ఒకదానిపై ఒకటి చక్కగా కూర్చుంటాయి. చూడగానే ఇ మేజర్ అని తెలిసిపోతుంది. అదే ఎ ఫ్లాట్ రాస్తే ఎ, బి పక్కపక్కన ఇరుక్కుని, ఒక నోట్‌ను పక్కకు జరపాల్సి వస్తుంది. చదివేవాడికి కార్డ్ ఆనవాలే దొరకదు.

ఇంకాస్త చిక్కైనది: ఎ ఫ్లాట్, సి, ఇ ఫ్లాట్, పైన ఆ నల్ల మెట్టు. దాన్ని జి ఫ్లాట్ అంటే అది ఎ ఫ్లాట్ సెవెంత్. జి ఫ్లాట్ ఎఫ్‌కు దిగి, డి ఫ్లాట్ కార్డ్‌కు చేరుతుంది. ఎఫ్ షార్ప్ అంటే అదే జర్మన్ సిక్స్త్ అనే వేరే కార్డ్. కింది ఎ ఫ్లాట్ దిగి, పై ఎఫ్ షార్ప్ ఎక్కి రెండూ జి దగ్గర కలుస్తాయి. పియానోలో రెండూ ఒక్కటే. వయొలిన్ వాయించేవాళ్లు, పాడేవాళ్లు మాత్రం షార్ప్ కనిపిస్తే స్వరాన్ని కాస్త పైకి లాగుతారు, ఫ్లాట్ కనిపిస్తే కిందికి. పేరు తప్పితే శ్రుతి కూడా తప్పు వైపు ఒరుగుతుంది.

కార్డ్ అండ లేని క్రోమాటిక్ (అర స్వరం చొప్పున సాగే) పరుగుకైతే పాత సూత్రమే చాలు. సి నుంచి ఇ దాకా పైకి షార్పులతో రాస్తే గుర్తులు 2. ఫ్లాట్లతో రాస్తే నాచురల్స్ (ఫ్లాట్‌ను రద్దుచేసే గుర్తులు) కూడా కలిపి 4.

కీ సిగ్నేచర్ (మొదట్లోనే పెట్టే షార్పులు లేదా ఫ్లాట్ల వరుస) విషయానికొస్తే చాలావరకు లెక్కే తేల్చేస్తుంది. సి షార్ప్ మేజర్‌కు 7 షార్పులు, డి ఫ్లాట్‌కు 5 ఫ్లాట్లు. హార్ప్‌కు తప్ప సి ఫ్లాట్ కంటే బి మేలు. తేలనిది ఎఫ్ షార్ప్, జి ఫ్లాట్ మేజర్ల దగ్గరే, చెరో 6. బి ఫ్లాట్ క్లారినెట్, ట్రంపెట్ ఉంటే నా ఓటు నిస్సందేహంగా జి ఫ్లాట్‌కే: వాళ్ల పార్ట్‌ను మోగే స్వరం కంటే ఒక స్వరం పైన రాస్తారు కాబట్టి అది ఎ ఫ్లాట్ మేజర్ అవుతుంది, 4 ఫ్లాట్లు. ఎఫ్ షార్ప్ అయితే జి షార్ప్ మేజర్, 8 షార్పులు; అలాంటి సిగ్నేచర్ ఎవరూ పెట్టరు. ఆల్టో శాక్సొఫోన్‌కు ఇదే 3 ఫ్లాట్లు, 9 షార్పుల తేడా. తీగ వాయిద్యాలే ఉంటే ఎఫ్ షార్ప్ పర్వాలేదు. పాట మధ్యలో అదే స్వరం మీది మైనర్‌కు వెళ్తే ఎఫ్ షార్పే దారి: ఎఫ్ షార్ప్ మైనర్‌కు 3 షార్పులు, జి ఫ్లాట్ మైనర్‌కు 9 ఫ్లాట్లు. అవసరమైతే మధ్యలో పేరు మార్చేయొచ్చు. షోపాన్ ఓపస్ 28లోని 15వ ప్రెల్యూడ్ డి ఫ్లాట్ మేజర్‌లో మొదలై, మధ్యభాగంలో సి షార్ప్ మైనర్‌కు మారుతుంది.

డబుల్ షార్ప్‌కు (రెండు అర స్వరాలు పెంచే గుర్తుకు) భయపడి జి షార్ప్ మైనర్‌లో ఎఫ్ డబుల్ షార్ప్‌ను జి నాచురల్ చేయకండి. తర్వాతి బార్‌లో (తాళపు గడిలో) ముందటి గుర్తు ఇక వర్తించదని గుర్తుచేసే గుర్తు పెట్టాలా వద్దా అంటే, పెట్టండి, పోయేదేం లేదు.

కంప్యూటర్‌కు కలిపిన మిడి కీబోర్డుతో స్వరాలు ఎక్కిస్తే పేరును సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది, ఊహ తప్పుతుంటుంది. మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో నోట్ ఎంచుకుని జె నొక్కితే పేరు మారుతుంది. మార్చాక అదే బీట్‌లో మిగతా పార్ట్‌లూ చూడండి: ఒకరికి ఎఫ్ షార్ప్, పక్కవారికి జి ఫ్లాట్ ఉంటే రిహార్సల్ అక్కడే ఆగుతుంది.